జీవామృతానికి కొలతలున్నాయి.. మరి పసిపిల్ల గిన్నెకు?



మాది వరంగల్ జిల్లా వర్ధన్నపేట దగ్గర ఒక చిన్న ఊరు. మూడెకరాల పత్తి, ఎకరం మిర్చి, రెండెకరాల వరి. తొమ్మిదేండ్ల నుంచి రసాయనం అన్న మాట లేకుండా సాగు చేస్తున్నం. మా చేను, మా ఆవు, జీవామృతం డ్రమ్ము పై వీడియోలో చూసే ఉంటరు. ఈసారి నేను చెప్పేది చేను గురించి కాదు. మా ఇంట్లో ఉన్న ఒక చిన్న స్టీలు గిన్నె గురించి. అది మా మనవరాలు తినే గిన్నె. అందులో నేను చేసిన తప్పు మీ ఇండ్లల్లో ఎవరూ చేయకూడదని చెప్తున్న.

జీవామృతం కొలతలు మనలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెప్తరు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడలో పెట్టి, గోనెసంచి కప్పి, రెండు పూటలా కలిపి, 48 గంటలు ఆగుతం. శనగపిండి ఒక పావు కిలో తక్కువైతే మనసు ఒప్పదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులకు కూడా ఇంత తిండి ఉండాలని మనకు లెక్క ఉంది.

అదే చేతులతో నేను నా మనవరాలికి పెట్టింది ఏందో తెలుసా? ఒక చెంచా పిండి, రెండు గ్లాసుల నీళ్లు. దానికి లెక్క లేదు, కొలత లేదు. డ్రమ్ములో ఉన్న జీవులకు రెండు కిలోల పప్పు పిండి పోసిన నేను, పిల్లకు పప్పుచారు మీది తేట పోసిన.

వడ్లు పట్టుకున్న పిల్ల

పోయిన ఏడాది మే నెలలో మా కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఆడపిల్లకు అన్నప్రాసన బేసి నెలలో చేయాలని మన దగ్గర ఆనవాయితీ. దసరా ముందర అయిదో నెలలో చేసినం. పెన్ను, పుస్తకం, బంగారపు ఉంగరం, కత్తి, ఒక గుప్పెడు మా చేను వడ్లు పెట్టినం. పిల్ల పాక్కుంట పోయే వయసు కాదు, ముందుకు వంచితే వడ్ల మీద చెయ్యి వేసింది. ఇల్లంతా చప్పట్లు. "మన పంట మన బిడ్డ" అని అందరం మురిసిపోయినం.

ఆ రోజు నాలుకకు పరమాన్నం రాసి ఊరుకుంటే తప్పు లేకపోవు. కానీ అప్పటి నుంచే నేను జావ మొదలుపెట్టిన. కోడలు పత్తి ఏరడానికి పోతది, పిల్లకు పాలు సరిపోవని నా భయం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు, ఎండకాలమైనా అంతే. ఆరు నెలలు నిండగానే మాత్రం ఆలస్యం చేయొద్దు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము ఆ సమయానికి అయిపోవస్తుంది. తల్లిపాలలో ఉండే ఇనుము ఇక చాలదు. ఆనవాయితీ గురించి పట్టింపు ఉన్నోళ్లకు ఒక మాట: ఆరు నెలలు నిండితే నడిచేది ఏడో నెల. అదీ బేసి నెలే. ఆడపిల్లకు అప్పుడు చేస్తే ఆచారమూ నిలబడుతది, పిల్ల కడుపూ బాగుంటది.

కాగితం మీద గీత

నవంబర్‌లో, ఆరు నెలలప్పుడు పిల్ల బరువు ఆరున్నర కిలోలు. జనవరిలో 6 కిలోల 700. అప్పటికి మిర్చి ఏరుడు మొదలైంది. కోడలు పొద్దుగాల ఏడింటికి పోతే మళ్ల ఒక్కసారి పగటిపూట వచ్చి పాలిచ్చి పోయేది. మిగతా టైమంతా పిల్ల నా దగ్గర. ఫిబ్రవరిలో నాలుగు రోజులు విరేచనాలు పట్టుకున్నయి. మార్చిలో అంగన్‌వాడీలో తూకం వేస్తే 6 కిలోల 600.

టీచరమ్మ కాగితం నా ముందర పెట్టింది. ఆకుపచ్చ పట్టీలో ఉండాల్సిన చుక్క పసుపు పట్టీలోకి జారింది.

"పెద్దమ్మా, పిల్ల ఏం తింటుంది?" అని అడిగింది.

నాకు కోపం వచ్చింది. "మా ఇంట్ల మందు కొట్టిన గింజ లేదు మేడం. మా పిల్ల తిన్నంత స్వచ్ఛమైన తిండి ఈ ఊర్ల ఎవరి పిల్లా తినది" అన్న.

"స్వచ్ఛమైనదే. కానీ ఎంత తింటుంది?" అన్నది ఆమె.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేండ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 33.1 శాతం. అంతకుముందు 2015-16 సర్వేలో 28 శాతమే. ఆరు నెలల నుంచి అయిదేండ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి పెరిగింది. దేశం మొత్తంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది 11.3 శాతానికే. మన ఊర్లల్లో బియ్యానికి కరువు లేదు, వడ్లు కల్లాల్లో పోసి అమ్ముకుంటున్నం. అయినా పసిపిల్లల గిన్నెలు ఇట్లున్నయి.

చెంచా వంచి చూడు

మర్నాడు టీచరమ్మ మా ఇంటికే వచ్చింది. నేను పోసే జావ చూపించమన్నది. చెంచాతో తీసి వంచింది. నీళ్ల లెక్క కారింది.

"చెంచా వంచితే జారిపోకుండ, మెల్లగ ముద్ద లెక్క పడాలె పెద్దమ్మా. ఇది తాగే జావ, తినే తిండి కాదు" అన్నది.

తర్వాత ఇద్దరం కూర్చొని లెక్క వేసినం. చెంచా పిండి అంటే సుమారు 10 గ్రాములు. అందులో శక్తి 35 కేలరీలు. దాన్ని రెండు గ్లాసుల్లో, అంటే 400 మిల్లీలీటర్ల నీళ్లల్లో కాస్తున్న. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకు తల్లిపాలు కాక తిండి నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు రావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలలకు 300. ఏడాది దాటినంక 550. నా జావతో 200 రావాలన్నా పిల్ల రెండు లీటర్ల పైన తాగాలి. పసిపిల్ల కడుపులో ఒక్కసారికి పట్టేది కిలో బరువుకు 30 మిల్లీలీటర్లే. మా పిల్లకు అది ఒక్క గ్లాసు. ఆ గ్లాసు నీళ్లతో నిండితే పిల్ల ఏడవదు. కడుపు నిండింది అనుకొని నేను సంతోషపడేదాన్ని. పైగా నీళ్లతో నిండిన కడుపు తల్లిపాలు కూడా తక్కువ తాగుతది.

ఆవుకు పెట్టిన ప్యాకెట్

ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్న. అంగన్‌వాడీలో 7 నెలల నుంచి మూడేండ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తరు. బాలామృతంలో ఉండేవి వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. రోజుకు 100 గ్రాములు పిల్లకు పెట్టాలని దాని లెక్క. "మందులు కొట్టిన గోధుమలు, చక్కెర.. మన పిల్లకెందుకు?" అని రెండు ప్యాకెట్లు ఆవుకు కలిపి పెట్టిన. ఒకటి లడ్డూలు చేస్తే ఇంటిల్లిపాదీ తిన్నం. గుడ్లు మేము కూర వండుకున్నం. పసిపిల్లకు గుడ్డు వేడి చేస్తదని మా అత్తమ్మ చెప్పేది, నేను నా కోడలికి చెప్పిన.

చక్కెర లేకుండా మన ఇంటి పిండి మంచిదే, నేను కాదనను. కానీ దానికంటే మంచిది గిన్నెలో పెట్టినప్పుడు కదా వదులుకోవాలి! నేను ప్యాకెట్ వద్దన్న, దాని బదులు పిల్లకు పెట్టింది వట్టి నీళ్లు. రసాయనం లేకపోవడం గొప్పే. కానీ ఆకలితో ఉన్న పిల్లకు రసాయనం లేని నీళ్లు తిండి కావు.

పిల్ల గిన్నెకు కొలతలు

జీవామృతం కొలతల పక్కనే ఇవి గోడ మీద రాసుకున్న. పావు లీటరు పట్టే గిన్నె ఒకటి పిల్లకు వేరుగా పెట్టుకోండి. అందరి కంచంలోంచి రెండు ముద్దలు పెడితే ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు.

• ఆరు నెలలు నిండగానే: రెండు మూడు చెంచాలతో మొదలు. రోజుకు రెండు మూడు సార్లు. మెత్తగా మెదిపి, చిక్కగా. మెల్లగా అర గిన్నెకు తీసుకుపోవాలి.
• 9 నుంచి 11 నెలలు: అర గిన్నె, రోజుకు మూడు నాలుగు సార్లు. మెదపడం తగ్గించి, చేత్తో పట్టుకొని తినే మెత్తటి ముక్కలు.
• ఏడాది నుంచి రెండేండ్లు: ముప్పావు నుంచి నిండు గిన్నె, మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిండ్లు. ఇంటి వంటే, కారం వేయకముందు తీసి పెట్టాలి.
• అన్ని వయసుల్లో తల్లిపాలు ఆపొద్దు. రెండేండ్లు, ఆ పైన కూడా ఇవ్వొచ్చు.

మా ఉగ్గు పిండి

ఉగ్గు మనకు కొత్తది కాదు. ఉగ్గుపాలతో నేర్చిన బుద్ధి అని సామెతలే ఉన్నయి. పాత ఇండ్లల్లో ఉగ్గుగిన్నె కూడా ఉండేది. మనం మరచిపోయింది దాని పాళ్లు.

మూడు గ్లాసుల బియ్యం లేదా జొన్నలు, ఒక గ్లాసు పెసరపప్పు, అర గ్లాసు పల్లీలు లేదా నువ్వులు. వేటికవి దోరగా వేయించి, చల్లారినంక కలిపి మెత్తగా పట్టించాలి. పదిహేను రోజులకు సరిపోయేంతే చేసుకోవాలి, పల్లీల నూనె వల్ల పిండి కారుతది. వండేటప్పుడు మూడు చెంచాల పిండి, ముప్పావు గ్లాసు నీళ్లు. దించినంక ఒక చిన్న చెంచా నెయ్యి లేదా గానుగ నూనె. నా పాత జావ గ్లాసుకు 20 కేలరీలు కూడా ఇవ్వకపోతుండె. ఇది అంతకంటే చిన్న కొలతలో 150 దాకా ఇస్తది. చిన్న కడుపుకు నెయ్యి, నూనె అందుకే కావాలి, అవి తక్కువ జాగాలో ఎక్కువ బలం.

"ఇంత చిక్కగా పెడితే పిల్ల మింగదు" అని అడుగుతరు. నేనూ అడిగిన. దానికి మందు మొలకల పిండి. రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి, రెండో రోజుకు మొలకలొస్తే నీడన ఆరబెట్టి, వేయించి, పొట్టు మొలకలు రాలగొట్టి పిండి పట్టాలి. మొలకెత్తిన గింజలో పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది. వేయించేది వాసన వచ్చేదాకే, మాడితే ఆ ఎంజైమ్ పోతది. ఉడికి చిక్కబడ్డ ఉగ్గు గోరువెచ్చగా అయినంక అర చెంచా ఈ పిండి కలిపి రెండు నిమిషాలు ఆగి, మళ్ల ఒక పొంగు రానిస్తే చాలు. గిన్నెలో గింజ తగ్గకుండానే ఉగ్గు జారుగా అయితది. బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ 1980ల్లో పసిపిల్లల తిండి కోసం ఈ పద్ధతి మీద చాలా పని చేశారు. నీళ్లు పోసి పలచన చేయడం వేరు, మొలక పిండితో జారు చేయడం వేరు. మొదటి దాంట్లో తిండి తగ్గుతది, రెండో దాంట్లో తగ్గదు.

చేనులో ఏముంటే గిన్నెలో అది

ఎంత తిన్నది అన్నది ఒక లెక్క, ఏమేం తిన్నది అన్నది ఇంకో లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఎనిమిది రకాలు చెప్తయి. 6 నుంచి 23 నెలల పిల్ల రోజూ అందులో కనీసం అయిదు తినాలి.

1. తల్లిపాలు
2. గింజ ధాన్యాలు, దుంపలు: బియ్యం, జొన్న, రాగి, చిలగడదుంప
3. పప్పులు, పల్లీలు, నువ్వులు
4. పాలు, పెరుగు
5. గుడ్డు
6. మాంసం, చేప, కార్జం
7. ఆకుకూరలు, పసుపు నారింజ రంగు కూరలు పండ్లు: మునగాకు, తోటకూర, పాలకూర, గుమ్మడి, క్యారెట్, బొప్పాయి, మామిడి
8. మిగతా కూరగాయలు, పండ్లు: అరటి, జామ, సొరకాయ, టమాట

ఆ రోజు మా పిల్లది లెక్కపెడితే రెండే వచ్చినయి: తల్లిపాలు, బియ్యం. పప్పుచారు తేట పప్పు లెక్కలోకి రాదు, పప్పు అడుగున ఉంటది. సాయంత్రం పక్కింటి పిల్లలు చాయ్‌లో ముంచి పెట్టే బిస్కెట్ అసలే లెక్క కాదు. పైగా చాయ్ తిండిలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనియ్యదు.

మా దొడ్లో ఆరు నాటుకోళ్లు తిరుగుతున్నయి. గట్టు మీద రెండు మునగచెట్లు, బొప్పాయి ఉన్నయి. గుడ్లు అమ్ముతున్నం, మునగాకు అడిగినోళ్లకు ఇస్తున్నం. పిల్ల గిన్నెలోకి మాత్రం ఒక్కటీ రాలేదు. బొప్పాయి వేడి, అరటిపండు సలువ, పల్లీలు పైత్యం, గుడ్డు ఉడుకు అని ఒక్కొక్కటి నేనే కొట్టేసిన. వేడి సలువలన్నీ తీసేస్తే మిగిలింది నీళ్లే.

మాంసం తినే ఇండ్లల్లో మెత్తగా ఉడికించి మెదిపిన కార్జం ఇనుముకు గొప్ప తిండి. ముల్లు తీసిన చేప కూడా పెట్టొచ్చు. ముట్టని ఇండ్లల్లో పప్పు చిక్కగా, ఆకుకూర రోజూ, దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. గింజల్లో ఆకుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడానికి పులుపు సాయం చేస్తది. కొత్తది ఏదైనా ఒక్కొక్కటే, మూడు నాలుగు రోజులు చూసి ఇంకోటి మొదలుపెట్టాలి.

మన లాంటి రైతులం ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

రసాయనం వాడని ఇండ్లల్లో "సహజం కదా, ఏం కాదు" అనే ధీమా ఎక్కువ. నాకూ అదే ఉండె. అందుకే ఇవి విడిగా చెప్తున్న.

*తేనె:* చెట్టు మీది తేనె అయినా ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయొద్దు. అందులో ఉండే ఒక బ్యాక్టీరియా బీజాలు పెద్దల కడుపులో ఏమీ చేయవు కానీ పసిపేగుల్లో పెరిగి విషం తయారు చేయగలవు.

*ఆవు పాలు, బర్రె పాలు:* నాటు ఆవు పాలైనా సరే, ఏడాది లోపు తల్లిపాలకు బదులు కావు. అందులో ఇనుము చాలా తక్కువ. ఉగ్గులో కొంచెం కలపొచ్చు, పెరుగు పెట్టొచ్చు.

*బెల్లం, ఉప్పు:* ఏడాది లోపు రెండూ కలపక్కర్లేదు. బెల్లం మన గానుగదైనా పిల్ల పళ్లకు చక్కెర లెక్కే.

*జొన్న మొలకలు:* లేత జొన్న పిలక మేసి నాము తగిలి పశువు పడిపోవడం మనకు తెలిసిందే. ఆ విషం మొలకలో కూడా ఉంటది. అందుకే మొలకల పిండికి రాగులే వాడండి. జొన్నలు మొలక కట్టకుండా వాడండి.

*పల్లీలు, మక్కలు:* బూజు పట్టిన, ముడుచుకున్న, రంగు మారిన గింజ ఒక్కటి కూడా పిల్ల పిండిలో పడొద్దు. ఆ బూజు విడిచే అఫ్లటాక్సిన్ వేయించినా ఉడికించినా పోదు. కాయ కోసినంక బాగా ఎండబెట్టడమే దానికి మందు. పల్లీ గింజ గింజగా ఎప్పుడూ ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడుతది.

*మన చేతులు:* నా మనసు ఎక్కువ కుమిలింది దీనికే. ఫిబ్రవరిలో ఆ విరేచనాలు పట్టుకునే ముందు రోజు నేను డ్రమ్ము కలిపి, చేతులు కాలువ నీళ్లల్లో కడుక్కొని వచ్చి పిల్లకు తినిపించిన. దానివల్లనే అని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ పేడ భూమికి అమృతం, పిల్ల నోటికి కాదు. సబ్బుతో గోర్ల సందులు కూడా రుద్దుకొని కడిగినంకనే పిల్ల గిన్నె ముట్టాలి. పిల్ల చేతులూ కడగాలి.

విరేచనాలైనప్పుడు నేను ఇంకో తప్పు చేసిన. కడుపు మాడ్చిన. తల్లిపాలు ఆపొద్దు, తిండి ఆపొద్దు. ఓఆర్ఎస్ తాగిస్తూ, జింక్ 14 రోజులు ఇప్పించాలి, విరేచనాలు ఆగినా మధ్యలో మానొద్దు. తగ్గినంక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి. పిల్ల మబ్బుగా పడుకున్నా, తాగలేకపోతున్నా, మలంలో రక్తం కనిపించినా ఇంటి వైద్యం ఆపి దవాఖానకు పోవాలి.

తినిపించే చేయి

చిక్కటి ఉగ్గు చేసినం, గుడ్డు ఉడికించినం. పిల్ల మొదటి మూడు రోజులు మూతి తిప్పుకున్నది. నేను ముక్కు పట్టుకొని పోయబోయిన. "వద్దు అత్తమ్మా, కక్కుకుంటది" అని కోడలు ఆపింది. ఆమె పిల్లను ఒళ్లో ఎదురుగా కూర్చోబెట్టుకొని, మాట్లాడుకుంట, పిల్ల నోరు తెరిచినప్పుడే చెంచా పెట్టింది. మూతి తిప్పితే ఆగింది, మళ్ల అడిగింది. అర గిన్నెకు అరగంట పట్టింది. మిర్చి చేను పిలుస్తుంటే అరగంట అంటే మాటలా? కానీ మన గోరుముద్దలంటే అవే కదా.

దీని మీద మన దగ్గరే పెద్ద పరిశోధన జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, ఇతర పరిశోధకులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, నల్గొండ జిల్లాలో 60 ఊర్లు తీసుకొని 600 మంది తల్లులూ బిడ్డలతో చేశారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. కొన్ని ఊర్లల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే. కొన్నింట్లో శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లు ఇండ్లకు పోయి ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో చెప్పారు. మరికొన్నింట్లో దానితోపాటు పిల్ల ఆకలి గుర్తులు చూసి ఎట్ల తినిపించాలో, ఎట్ల ఆడించాలో కూడా నేర్పారు. చెప్పించుకున్న ఊర్ల పిల్లలు ఎక్కువ శక్తి, మాంసకృత్తులు, ఇనుము తిన్నారు. తినిపించే తీరు, ఆటలు కూడా నేర్పిన ఊర్ల పిల్లల్లో మానసిక ఎదుగుదల మామూలు ఊర్ల పిల్లలకంటే మెరుగ్గా కనిపించింది. కొత్త మందేమీ ఇవ్వలేదు. చెప్పేవాళ్లు ఇంటికి వచ్చారు, ఇంట్లో ఉన్నదే పిల్లకు తగ్గట్టు పెట్టారు.

అందుకే మగవాళ్లకు ఒక మాట. తినిపించడం తల్లి పనే, లేకపోతే ముసలమ్మ పనే అనుకోవద్దు. ఏరుడు రోజుల్లో మా కొడుకు పొద్దుగాల పిల్లకు తినిపించి చేనుకు వస్తుండు. డ్రమ్ము కలిపే పని ఇప్పుడు సాయంత్రానికి మార్చుకున్నడు.

రెండు గుంటలు పిల్లలకు

ఏప్రిల్ నుంచి బాలామృతం మళ్లా తెచ్చుకుంటున్నం. ఒక పూట అది, మిగతా పూటలు మన ఉగ్గు, పప్పన్నం, గుడ్డు, బొప్పాయి. మే నెలలో ఏడాది నిండేసరికి 7 కిలోల 400. జూన్‌లో 7 కిలోల 700. చుక్క ఆకుపచ్చలోకి వచ్చింది. ఇంకా అంచునే ఉంది, ఎత్తు ఇంకా అందుకోవాలి. పోయిన ఆ నెలలు ఎంత తీసుకుపోయినయో నాకు తెలియదు. ప్రతి నెలా తూకం మానకుండా పోతున్న.

మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఏనబావి 2006లోనే రసాయనాలు పూర్తిగా వదిలిన ఊరని పేరు తెచ్చుకుంది. ఇప్పుడు అది జనగామ జిల్లాలో ఉంది. ఆ ఊరు చూసి వచ్చే మేము ఈ సాగులోకి దిగినం. భూమిని బాగుచేసుకోవడం నేర్చుకున్నం, బాగైన భూమి నుంచి పత్తి, మిర్చి తీసి ఏనుమాముల మార్కెట్‌కు పంపినం. పప్పు, నూనె, కూర కొనుక్కొచ్చుకున్నం. కొనుక్కొచ్చింది పొదుపుగా వాడుతం. ఆ పొదుపు మొదట పడేది పిల్ల గిన్నె మీదనే.

ఈ ఏడు మిరుగు రాగానే రెండు గుంటలు పిల్లల కోసం విడిచినం. అందులో గుమ్మడి, తోటకూర, బొబ్బర్లు, చిలగడదుంప. పత్తిలో ప్రతి ఎనిమిది సాళ్లకు ఒక కంది సాలు, మధ్యలో పెసర్లు. గట్టు మీద ఇంకో రెండు బొప్పాయి మొక్కలు. దీని పంటలో గింజ కూడా ముందు ఇంటికి, తర్వాతే మార్కెట్‌కు అని కొడుకు, కోడలు, నేను మాట అనుకున్నం.

మీ ఇంట్లో, మీ కూలీల ఇండ్లల్లో ఈ ఎండకాలం పుట్టిన పిల్లలు ఉండే ఉంటరు. ఆ పిల్లలకు ఆరు నెలలు నిండేది దీపావళి అటు ఇటు. మీరు ఇప్పుడు విత్తిన పెసర్లు, బొబ్బర్లు అప్పటికి ఇంటికొచ్చి డబ్బాల్లో ఉంటయి. వెనకనే కందులు వస్తయి. ఇంకా సాళ్లు పట్టనోళ్లుంటే ఆ లెక్క చూసుకొని పట్టండి. చెంచా వంచి చూడటం మాత్రం ఈ పూటనే మొదలుపెట్టండి.